షాంపూ అంటే తలంటేనా?

దీపావళి ఇంకా వారం రోజులుందనగా ఒక సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచీ మంచం మీద పారేసి, "అమ్మా, షాంపూని తెలుగులో ఏమంటారే?" అని అడిగింది.

ఇంట్లో రోజూ వాడే ఇంగ్లీషు మాటలు ఇరవై పోగుచేసి, వాటికి తెలుగు మాటలు రాసుకు రమ్మన్నారట వాళ్ళ తెలుగు మాస్టారు. మిర్రరుకి అద్దం, కోంబుకి దువ్వెన, పౌడరుకి పొడి - ఇలా గబగబా రాసుకుపోయింది. లిప్‌స్టిక్ దగ్గర కాస్త తడబడి "పెదవి రంగు" అని గట్టెక్కింది. షాంపూ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది.

మా అత్తగారు గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని దీపావళికి వత్తులు చేసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "తలంటు అని రాయవే" అన్నారు.

"అది కాదు నాయనమ్మా! తలంటు అంటే పని. షాంపూ అంటే వస్తువు. సీసాలో ఉంటుంది" అంది మా అమ్మాయి.

నేను కూడా, "అవునత్తయ్యా, రెండూ ఒకటెలా అవుతాయి?" అని దాన్నే సమర్థించాను. ఆవిడ మరి మాట్లాడలేదు. వత్తి ఒకటి పూర్తిచేసి పక్కన పెట్టి ఇంకొంచెం దూది తీసుకున్నారు.

ఇరవై మాటల్లో పందొమ్మిది నిండాయి. ఒకటి ఖాళీగా మిగిలింది. మాస్టారికి ఏదో ఒకటి చెప్పాలి కదా అని ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకు కూర్చున్నాను. తెల్లవారేసరికి తేలినదేమిటంటే - మా అత్తగారు చెప్పిందే సబబు. మేమే తప్పు. అయితే ఆ తప్పు ఒక్క మాటతో పోయేది కాదని నాకు తెలియడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఎవర్ని చంపుతారురా?

ముందు నా చిన్ననాటి ముచ్చట ఒకటి చెప్పాలి. మా నాన్నగారు ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగం చేసేవారు. ఆ ఊళ్ళో రైల్వే పుణ్యమా అని తెలుగువాళ్ళు బోలెడుమంది. ఒకసారి మా బామ్మ అమలాపురం నుంచి వచ్చింది. గంగాస్నానం చేయించాలని నాన్నగారు మమ్మల్నందరినీ కలకత్తా తీసుకెళ్ళారు. హౌరా దగ్గర రేవు మెట్లు దిగుతూంటే, చేతిలో రంగు రంగుల నూనె సీసాలు పట్టుకున్న మనిషి ఒకడు మా వెంటపడి, "చంపీ! చంపీ!" అని అరవసాగాడు.

మా బామ్మ మెట్టు మీదనే నిలబడిపోయింది. నాన్నగారి చొక్కా గట్టిగా పట్టుకుని, "ఒరే నాయనా, వీడెవర్ని చంపుతాడురా? పదరా వెనక్కి పోదాం" అంది. చంపడం కాదమ్మా, తలకి నూనె రాసి మర్దనా చేస్తాడు, దాన్నే ఇక్కడ చంపీ అంటారు అని నాన్నగారు ఎంత చెప్పినా, గంగలో మూడు మునకలు వేసేదాకా ఆవిడ కళ్ళు ఆ సీసాల మీదనే ఉన్నాయి.

హిందీ సినిమాలు చూసేవారికి ఈ చంపీ కొత్త కాదు. 1957లో వచ్చిన గురుదత్తు "ప్యాసా"లో జానీ వాకర్ కలకత్తా వీధుల్లో పాట పాడుతూ తిరిగేది ఈ నూనె సీసాలతోనే.

ఆనాడు మా బామ్మని హడలగొట్టిన ఆ "చంపీ"యే మా అమ్మాయి అడిగిన షాంపూకి తోడబుట్టిన మాట అని నాకు నలభై ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

హుకుంలో పుట్టిన మాట

హిందీలో "చాంప్‌నా" అని ఒక క్రియ ఉంది. అదమడం, ఒత్తడం, పిసకడం అని దాని అర్థం. ఎదుటివాణ్ణి ఆ పని చెయ్యమని చెప్పేటప్పుడు "చాంపో" అంటారు. మన తెలుగులో "ఒత్తు", "పిసుకు" అన్నట్టన్నమాట. ఈ చాంపోయే దొరల నోట పడి షాంపూ అయింది. సంపెంగ పువ్వుని హిందీలో చంపా అంటారు గనక, సంపెంగ నూనె నుంచి ఈ మాట పుట్టిందని చెప్పేవారూ ఉన్నారు. వినడానికి పరిమళంగానే ఉంటుంది గాని, నిఘంటుకారులు ఒప్పుకున్నది మాత్రం ఈ "ఒత్తు" అన్న మాటనే.

ఇండియాలో ఇంగ్లీషువాళ్ళ నోట చేరిన దేశవాళీ మాటలన్నిటినీ పోగుచేసి యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు "హాబ్సన్ జాబ్సన్" అని ఒక పెద్ద నిఘంటువు కూర్చారు. అది 1886లో అచ్చయింది. వీరిలో బర్నెల్ మన మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసినవాడే. పాపం, పుస్తకం అచ్చు కాకముందే 1882లో పోయాడు. ఆ నిఘంటువు పేజీలు తిరగేస్తూంటే ఒక విచిత్రం కనబడుతుంది. ఇంగ్లీషువాళ్ళు హిందూస్తానీ నుంచి పుచ్చుకున్న క్రియల్లో చాలావాటికి ఆజ్ఞాపించే రూపమే మిగిలింది. బనావ్, లగావ్, పకడో - అన్నీ ఇంతే. చెయ్యి, పెట్టు, పట్టుకో!

ఎందుకిలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. దొరగారు పడక కుర్చీలో కాళ్ళు చాపుకుని నౌకరుతో మాట్లాడే మాటలు అవే కదా. "నేను చేస్తాను" అనో, "మనం చేద్దాం" అనో అనవలసిన అవసరం ఆయనకి ఎప్పుడు వచ్చింది గనక? అంచేత ఈనాడు మన స్నానాలగదిలో ఉన్న సీసా మీద అందంగా అచ్చువేసిన మాట, అసలుకి ఎవరో ఒకరు కింద కూర్చున్న మనిషికి వేసిన హుకుం.

ఇంగ్లీషు అచ్చులో ఈ మాట మొట్టమొదట కనబడేది 1762లో. 1747, 48 సంవత్సరాల్లో తూర్పు దేశాలకి ఓడ మీద వెళ్ళివచ్చిన ఒకాయన ప్రయాణ కథ ఆ ఏడు లండన్‌లో వెలువడింది. ఒళ్ళు ఒత్తించుకోవడం యూరపులో ఎరగని పని అనీ, అది చైనావాళ్ళకే ప్రత్యేకమనీ ఆయన రాశాడు. పనిని చైనాకి కట్టబెట్టాడు గాని, దాని పేరు మాత్రం హిందూస్తానీదేనన్న సంగతి ఆయనకి తట్టలేదు కాబోలు!

ఈ పని మనకి ఎంత పాతదో చెప్పాలంటే సంస్కృత నాటకం ఒకటి చాలు. శూద్రకుడి "మృచ్ఛకటికం"లో సంవాహకుడని ఒక పాత్ర ఉంది. సంవాహనం అంటే ఒళ్ళు పట్టడం. పాటలీపుత్రంలో గృహస్థు కొడుకుగా పుట్టి, ముచ్చటకి కళగా నేర్చుకున్న ఈ విద్యే ఉజ్జయినిలో అతనికి బతుకుదెరువు అవుతుంది. జూదంలో ఓడి పారిపోయి వచ్చిన ఇతన్ని వసంతసేన అప్పు తీర్చి విడిపిస్తుంది. తరువాత సన్న్యాసి అయిన ఇతనే, శకారుడు గొంతు పిసికి వదిలేసిన వసంతసేనని సేదదీర్చి బతికిస్తాడు. ఒకడు పీక పిసికాడు, ఒళ్ళు పిసికేవాడు ప్రాణం పోశాడు. ఆ పాటలీపుత్రమే ఇప్పటి పాట్నా. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి.

పాట్నా నుంచి బ్రైటన్ దాకా

1759లో ఆ పాట్నాలోనే దీన్ మహమ్మద్ అనే ఆయన పుట్టాడు. తండ్రి కంపెనీ సైన్యంలో పనిచేస్తూ పోరులో పోయాడు. పిల్లవాడు చిన్నతనంలోనే బేకర్ అనే ఐరిష్ అధికారి వెంట దండులో చేరి, పెరిగి పెద్దవాడై సుబేదారు దాకా వచ్చాడు. బేకరు కొలువు మానుకుని స్వదేశానికి వెళుతూంటే తానూ ఓడ ఎక్కి 1784లో ఐర్లండులోని కార్క్ నగరం చేరాడు. అక్కడ ఇంగ్లీషు బాగా నేర్చుకున్నాడు. జేన్ డేలీ అనే అమ్మాయిని ప్రేమించి, ఇంటివాళ్ళకి తెలియకుండా వెళ్ళిపోయి 1786లో పెళ్ళి చేసుకున్నాడు. 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లీషులో పుస్తకం రాసి ప్రకటించిన మొదటి భారతీయుడు ఇతనే.

తరువాత లండన్ చేరాడు. అక్కడ బాసిల్ కాక్రేన్ అనే ధనవంతుడి దగ్గర పని కుదిరింది. ఈ కాక్రేనుగారు మద్రాసులో కంపెనీ కొలువు చేసి, నౌకాదళానికి సరుకులు సరఫరా చేసి బాగా గడించి వచ్చినవాడు. ఆయన నడిపే ఆవిరి స్నానశాలలో దీన్ మహమ్మద్ మన ఒళ్ళుపట్టే విద్య కూడా చూపించాడంటారు. 1810లో లండన్ జార్జి వీధిలో "హిందూస్తానీ కాఫీ హౌస్" అని ఒక భోజనశాల తెరిచాడు. మన వంటకాలు, కూర్చోవడానికి వెదురు కుర్చీలు, పీల్చుకోవడానికి హుక్కా - అన్నీ అమర్చాడు. ఆ నగరంలో ఒక భారతీయుడు పెట్టిన మొదటి హోటలు అదే. అయితేనేం, రెండేళ్ళు తిరిగేసరికి 1812లో దివాలా ఎత్తాడు. అప్పటికి యాభై దాటిన వయసు, పెళ్ళాం పిల్లలు, పరాయి దేశం.

మరొకడైతే అక్కడితో కూలబడిపోయేవాడే. ఈయన సముద్రపు గాలి కోసం శ్రీమంతులందరూ చేరే బ్రైటన్ పట్నానికి 1814లో మకాం మార్చాడు. సముద్రం ఒడ్డున స్నానశాల పెట్టాడు. ఆయన పద్ధతి ఇదీ: మందుమూలికలు వేసి మరిగించిన నీటి ఆవిరిలో రోగిని కూర్చోబెడతారు. చుట్టూ ఉన్ని గుడ్డతో గుడారంలాగా కడతారు. ఆ గుడ్డకి చొక్కాకి ఉన్నట్టు చేతులు కుట్టి ఉంటాయి. బయట నిలబడిన మనిషి ఆ చేతుల్లో తన చేతులు దూర్చి, లోపలి మనిషికి ఒళ్ళంతా పడతాడు. దీనికి ఆయన పెట్టిన పేరే "షాంపూయింగ్". ఆడవాళ్ళ విభాగం జేనమ్మగారు చూసుకునేది.

కీళ్ళనొప్పులతో వచ్చినవాళ్ళు నడుచుకుంటూ వెళ్ళిపోయారట. వాళ్ళు వదిలేసిపోయిన చంకకర్రలు, కాళ్ళకి కట్టిన ఇనప పట్టాలు స్నానశాల గుమ్మంలో వేలాడదీసి ఉండేవి. అంతకన్నా ప్రకటన ఏం కావాలి? 1822లో ఈ వైద్యం మీద పుస్తకం రాశాడు. నాలుగో జార్జి రాజుకీ, ఆయన తరువాత వచ్చిన నాలుగో విలియం రాజుకీ ఆస్థాన "షాంపూయింగ్ సర్జన్" అనిపించుకున్నాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈయన కొంచెం గొప్పలు కూడా చెప్పుకున్నాడు. తాను వైద్యం చదివానని చూపించుకోవడానికి పుట్టిన సంవత్సరాన్ని పదేళ్ళు వెనక్కి జరిపి 1749 అని రాసుకున్నాడు. 1851లో పోయినప్పుడు సమాధి రాయి మీద వయసు 101 అని చెక్కారు. నిజానికి తొంభై పైచిలుకే. కాని ఆలోచించండి. ఒళ్ళు పట్టేవాడంటే మన దేశంలో గడప అవతల నిలబడవలసినవాడు. అదే పని చేస్తూ, అదే పేరు పెట్టుకుని, రాజుగారి చేత డాక్టరుగారని పిలిపించుకున్నాడీయన. పదేళ్ళ అబద్ధాన్ని నేనైతే క్షమించేస్తాను. ఆయన మనవడు అక్బర్ మహమ్మద్ మాత్రం నిజంగానే వైద్యం చదివి, లండన్ గైస్ ఆసుపత్రిలో డాక్టరై, రక్తపుపోటు మీద పేరుగన్న పరిశోధనలు చేశాడు. 1884లో ముప్పై అయిదేళ్ళ వయసులోనే పోయాడు. ఇవాళ మన చేతికి పట్టీ చుట్టి బి.పి. చూస్తున్నారంటే, ఆ దారిలో తొలి అడుగులు వేసినవారిలో ఈ షాంపూ తాతగారి మనవడు ఒకడు.

2005లో లండన్ జార్జి వీధిలో ఆ భోజనశాల గుర్తుగా ఒక పలక పెట్టారు. 2019 జనవరి 15న గూగుల్ వాళ్ళు తమ ముఖపత్రం మీద ఆయన బొమ్మ వేశారు. అప్పటి నుంచి "షాంపూ కనిపెట్టింది మనవాడే" అని చెప్పుకోవడం ఎక్కువైంది. అది సరి కాదు. దీన్ మహమ్మద్ ఎవరి జుట్టూ రుద్దడానికి సీసా అమ్మలేదు. ఆయన షాంపూలో సబ్బూ లేదు, నురగా లేదు. ఉన్నవల్లా రెండు చేతులు.

చేతులు ఎక్కడికి పోయాయి?

మరి ఒళ్ళు పట్టే మాట జుట్టు కడిగే మందుకి పేరెలా అయింది? ఇంగ్లండులో క్షురకులు గిరాకీలకి తల మర్దనా చేసి, సబ్బు నురగతో రుద్ది కడగడం మొదలుపెట్టారు. దానినీ షాంపూ అనే అన్నారు. 1860 దశకం నాటికి జుట్టు కడగడం అన్న అర్థం స్థిరపడింది. ఈలోగా ఫ్రాన్సు నుంచి "మసాజ్" అనే కొత్త మాట దిగుమతి అయింది. అరబ్బీలో తాకడం అనే అర్థం ఉన్న మాట నుంచి అది వచ్చిందని ఒక వాదన. ఏదైతేనేం, కొత్తకోడలు వచ్చి పెత్తనం అందుకున్నట్టు, మసాజ్ వచ్చి ఒళ్ళంతటినీ లాక్కుంది. షాంపూకి తల ఒక్కటే మిగిలింది.

తరువాత ఆ తల కూడా నిలవలేదు. పని పేరు సరుకుకి పాకింది. సబ్బుని తురిమి నీళ్ళలో కాచి ఇళ్ళల్లో చేసుకునే రోజుల్లో, 1903లో బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కోఫ్ అనే మందుల దుకాణందారు నీళ్ళలో కలుపుకునే షాంపూ పొడి అమ్మకానికి పెట్టాడు. జర్మన్ భాషలో ష్వార్జ్‌కోఫ్ అంటే నల్లతల! జుట్టు మందు అమ్మేవాడికి అంతకంటే తగిన ఇంటిపేరు దొరుకుతుందా? 1927లో ఆ దుకాణం నుంచే ద్రవరూపంలో షాంపూ వచ్చింది.

అయితే సబ్బుతో ఒక చిక్కుంది. ఉప్పునీటి బావులున్న ఊళ్ళవారికి ఇది చెప్పనక్కరలేదు. ఆ నీళ్ళలోని సున్నపు లవణాలతో కలిసి సబ్బు తెల్లటి తెట్టెలా జుట్టుకి పట్టేస్తుంది. ఎంత కడిగినా జిడ్డు వదలదు. 1934లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు "డ్రీన్" అనే షాంపూ తెచ్చారు. అందులో సబ్బు లేదు. సబ్బు చేసే పనిని చేసే కృత్రిమ పదార్థం ఉంది. ఎలాంటి నీళ్ళలోనైనా తెట్టె కట్టదు. ఈనాటి షాంపూలన్నీ ఆ దారిన నడిచినవే.

మన దేశంలో సీసా షాంపూ చాలాకాలం డబ్బున్న ఇళ్ళల్లోనే ఉండేది. తమిళనాడులో కడలూరుకి చెందిన చిన్నికృష్ణన్ గారు, చిన్న చిన్న పొట్లాల్లో సరుకు అమ్మాలనే ఆలోచన పట్టుకున్నారు. ఆయన కొడుకుల్లో ఒకరైన రంగనాథన్ 1983లో "చిక్" షాంపూ మొదలుపెట్టారు. రూపాయికి, ఆపైన అర్ధరూపాయికి కూడా షాంపూ పొట్లం పల్లెటూరి కిళ్ళీకొట్లో దండలుగా వేలాడింది. కూలి చేసుకునే ఇంట్లో ఆడపిల్ల కూడా పండుగ పూట అలవోకగా జుట్టు ఆరబోసుకోగలిగింది. అది తక్కువ సంగతి కాదు.

మన కుంకుడుకాయని మాత్రం చిన్నచూపు చూడకండి. దాని గుజ్జులో సాపొనిన్ అనే పదార్థం ఉంది. నురగకి అదే కారణం. ఆ చెట్టు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాపిండస్. లాటిన్‌లో సాపో అంటే సబ్బు. సాపిండస్ అంటే ఇండీసుల సబ్బు. ఆ రోజుల్లో అమెరికా ద్వీపాలని కూడా ఇండీసులనే అనేవారనుకోండి. మన "సబ్బు" కూడా ఆ సాపోతో దూరపు చుట్టరికం ఉన్నదే, అరబ్బుల సాబూను మీదుగా వచ్చింది. సంస్కృతంలో అయితే కుంకుడుకి ఫేనిలం అని పేరు. ఫేనం అంటే నురగ. సుగుణాలన్నీ ఉన్నా, కంట్లో పడితే మాత్రం కుంకుడుకి దయాదాక్షిణ్యాలు లేవు. చిన్నప్పుడు కళ్ళు మండి ఏడిస్తే అమ్మ నోట్లో ఉప్పుకల్లు వేసేది. ఉప్పుకీ కంటికీ సంబంధం ఏమిటో ఏనాడూ అడగలేదు. ఉప్పు చప్పరిస్తూ ఏడుపు మరిచిపోయేవాళ్ళం, అంతే.

పైకి లేవని చెయ్యి

ఇదంతా పోగుచేసి మూడో రోజు రాత్రి మా అమ్మాయికి చెప్పాను. "చూశావా, షాంపూ అంటే ముందు పనే. వస్తువు తరువాత. తలంటు అని నాయనమ్మ చెప్పిందే ఒప్పు. అసలు అంటడం అంటేనే తాకడం. తలని చేత్తో తాకడం" అన్నాను.

అది పుస్తకంలో రాసుకుంటూ, "అయితే నాయనమ్మకి తలంటి ఎన్నాళ్ళయిందో!" అంది.

"అదేమిటే? దసరాకి ముందు సీసా తెచ్చి ఇచ్చానుగా? పైన నొక్కితే చేతిలో పడేది, మూత తిప్పే బాధ కూడా లేకుండా?"

"సీసా ఉందమ్మా. చెయ్యి పైకి లేవద్దూ? భుజం పట్టేసింది. జడ కూడా రోజూ నేనే వేస్తున్నాను. నీకు చెప్పొద్దంది."

లేచి వెళ్ళి స్నానాలగదిలో చూశాను. నెలక్రితం నేను పెట్టిన చోటనే ఉంది సీసా. నొక్కే గొట్టానికి చుట్టిన కాగితం కూడా తియ్యలేదు. రోజూ ఆ గూట్లోంచి నా సబ్బు తీసుకుంటున్న దాన్నే. నిండుగా ఉన్న సీసాని చూసి, పొదుపుగా వాడుకుంటున్నారు కాబోలు అని ఒకసారి అనుకున్నాను కూడా. ఆవిడ రోజూ ఒళ్ళో దూది పెట్టుకుని, మోచేతులు మోకాళ్ళకి ఆనించి వత్తులు చేయడం చూస్తూనే ఉన్నాను. చేతులు బాగానే ఆడుతున్నాయనుకున్నాను. భుజం సంగతి నాకేం తెలుసు?

తెలుసుకోవలసింది. నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళు. పురిటికి పుట్టింటికి వెళ్ళలేకపోతే, నలభై రోజులు పీట మీద కూర్చోబెట్టి నాకు తలంటిన చేతులవి. నేను సీసా ఒకటి కొనిపెట్టి బాకీ తీరిందనుకున్నాను.

దీపావళి తెల్లవారుజామున నీళ్ళు కాచాను. పెరట్లో పీట వేసి, "రండత్తయ్యా" అన్నాను.

"నీకెందుకమ్మా శ్రమ? షాంపూ ఉందిగా, నేనే పోసుకుంటాను" అన్నారు.

"షాంపూ అంటే ఒత్తు అని అర్థమట అత్తయ్యా. ఎవరికి వారు ఒత్తుకోవడం కుదరదట. నిఘంటువులో ఉంది" అన్నాను.

నమ్మారో లేదో గాని వచ్చి కూర్చున్నారు. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మాడున పెట్టాను. జుట్టు ఎంత పలచబడిపోయిందో చేతికి తెలిసింది. వెనకవైపు, మా అమ్మాయి దువ్వెనకి అందని చోట, చిక్కులు ఉండలు కట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీశాను. పట్టేసిన భుజం మీద నూనె వేసి పైనుంచి కిందికి ఒత్తాను. మొదట "అబ్బా" అన్నారు. తరువాత ఏమీ అనలేదు. కుంకుడు కంట్లో పడితే కష్టమని ఆ సీసా షాంపూయే వాడాను. కళ్ళు మండవని చెప్పినా, "ఏమో, ఓ ఉప్పుకల్లు ఇటు పడేయ్" అన్నారు. మా అమ్మాయి పరుగెత్తి తెచ్చింది.

ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. భుజం కీలు బిగుసుకుపోయిందనీ, రోజూ వ్యాయామం చేయించమనీ, నెలలు పడుతుందనీ చెప్పారు. నా చేతి ఒత్తుడుతో బ్రైటన్ మహిమ ఏదీ జరగలేదు. మా గుమ్మంలో వేలాడదీయడానికి చంకకర్రలూ లేవు.

మా అమ్మాయి చివరికి ఇరవయ్యో గడిలో "షాంపూ - తలంటు" అనే రాసి ఇచ్చింది. మాస్టారు దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారట. ఇది లేచి నిలబడి పాట్నా నుంచి మొదలుపెట్టిందట. గంట కొట్టేసరికి బ్రైటన్ దాకా వెళ్ళిందని చెప్పింది.

నిన్న శుక్రవారం. వంటింట్లో పోపు వేస్తూంటే పెరట్లోంచి పీట లాగిన చప్పుడు వినిపించింది. ఆ వెనకనే మా అత్తగారి గొంతు. ఈ ఇరవై రెండేళ్ళలో ఆవిడ నాకు ఒక పని చెప్పి ఎరగరు. "ఖాళీ ఉంటేనే", "నీకు వీలయితేనే" అని వెనకముందులాడేవారు.

"అమ్మాయ్, తలంటవే!" అన్నారు.

పొయ్యి కట్టేసి వెళ్ళాను.